పాలలో దిగే విషం, పేరు నిలవని మొక్క

గెర్బర్ గొట్టంలో వెన్న శాతం సరిగా వచ్చి, లాక్టోమీటరు తేలవలసిన చోట తేలి, మరిగిస్తే విరగని పాలను మన సంఘాలలో మంచి పాలు అంటున్నాము. పుస్తకంలో రాసి, ధర కట్టి, క్యానులో పోస్తున్నాము. ఆ పరీక్షలు ఉన్నది అందుకే గనుక ఇందులో తప్పేమీ లేదు. అయితే ఈ మూడు పరీక్షలకూ దొరకని విషం ఒకటి పాలలో దిగి, అమెరికా దేశంలో వందేళ్లకు పైగా మనుషుల ప్రాణాలు తీసింది. పశువు మేసిన ఒక అడవి పూలమొక్క అందుకు కారణం. ఆ మొక్కను ఏ ప్రజాతిలో చేర్చాలన్న తగవు వృక్షశాస్త్రజ్ఞుల మధ్య అంతకంటె ఎక్కువ కాలం నడిచింది. సంఘ సభ్యులు ఈ రెండు కథలూ కలిపి తెలుసుకోవడం మంచిదని తలచి, ఈసారి పాఠానికి ఆ మొక్కను తీసుకున్నాము.

దానిని అక్కడివారు వైట్ స్నేక్‌రూట్ అంటారు. మన మాటలో తెల్ల పామువేరు అనుకుందాము. పాముకాటుకు దీని వేరు మందని పూర్వం నమ్మడం వల్ల ఆ పేరు వచ్చింది. ఉత్తర అమెరికా తూర్పు భాగపు అడవులలో, చెట్ల నీడన, వాగుల ఒడ్డున పెరుగుతుంది. మూడు నుంచి ఐదు అడుగుల ఎత్తు ఎదుగుతుంది. ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. అంచులు రంపపు పళ్లలా ఉంటాయి. కాడ దగ్గర నుంచి మూడు ఈనెలు స్పష్టంగా కనబడతాయి. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు తెల్లని పూలగుత్తులు పూస్తుంది. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి పది నుంచి ముప్పై వరకు చిన్న పూలు చేరిన తల. మన గడ్డిచామంతి గింజలకు ఉన్నట్టే దీని గింజలకూ దూదిపింజ వంటి కుచ్చు ఉండి, గాలికి ఎగిరిపోతాయి. చలికాలంలో పైమొక్క ఎండిపోయినా, భూమిలో వేరు బ్రతికి ఉండి మరుసటి ఏడు మళ్లీ చిగురిస్తుంది. బహువార్షికం అంటే ఇదే.

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఒహైయో, ఇండియానా, ఇల్లినాయి, కెంటకీ ప్రాంతాలకు కొత్తగా వలస వచ్చిన రైతులకు పచ్చిక బయళ్లు లేవు. అడవి కొట్టుకుంటూ, పశువులను ఆ అడవిలోకే తోలేవారు. వర్షాలు బాగా పడిన ఏడు ఇబ్బంది ఉండేది కాదు. ఎండాకాలం చివర గడ్డి మాడిపోయిన ఏడు మాత్రం, చెట్ల నీడన ఇంకా పచ్చగా నిలిచింది ఈ మొక్కే. కడుపు మండిన పశువు దానిని మేసేది. కొన్ని రోజులకు దూడలూ, వట్టిపోయిన ఆవులూ, ఎద్దులూ కదిలిస్తే వణకడం మొదలుపెట్టేవి. ఆ పాలు తాగిన మనుషులకు నీరసం, ఆగని వాంతులు, మలబద్ధకం వచ్చేవి. ఊపిరిలో ఒక వింత వాసన వేసేది. తర్వాత స్పృహ తప్పేది. పశువుకు వస్తే వణుకు రోగం అనీ, మనిషికి వస్తే పాల జబ్బు అనీ పిలిచేవారు.

అమెరికా అధ్యక్షుడైన అబ్రహాం లింకన్ తల్లి నాన్సీ 1818 అక్టోబరు 5వ తేదీన ఇండియానాలోని లిటిల్ పిజన్ క్రీక్ అనే చోట ఈ జబ్బుతోనే చనిపోయిందని చరిత్రకారులు చెబుతారు. అప్పటికి ఆమెకు ముప్పై నాలుగేళ్లు, పిల్లవాడికి తొమ్మిదేళ్లు. ఆ కుటుంబానికే చెందిన స్పారో దంపతులు అంతకు కొద్ది రోజుల ముందు అదే జబ్బుతో పోయారు. లింకన్ తండ్రి 1830లో ఇండియానా వదిలి ఇల్లినాయికి బండ్లు కట్టించిన కారణాలలో ఈ జబ్బు భయం కూడా ఒకటి.

ఏది కారణమో తేల్చడానికి ఎన్నేళ్లు పట్టిందో చూడండి. 1830 ప్రాంతంలో కెంటకీ శాసనసభ కారణం కనిపెట్టినవారికి ఆరు వందల డాలర్ల బహుమతి ప్రకటించింది. 1838లో ఒహైయో రైతు జాన్ రో, కారణం ఈ తెల్ల పూలమొక్కే అని ప్రకటించాడు. సిన్సినాటిలో పేరున్న వైద్యుడు డేనియల్ డ్రేక్ 1841లో ఈ రోగం మీద గ్రంథం రాస్తూ ఆ రైతు మాటను తోసిపుచ్చి, ఒంటికి తగిలితే దద్దుర్లు తెచ్చే వేరొక తీగను అనుమానించాడు. ఆగ్నేయ ఇల్లినాయిలో అన్నా బిక్స్‌బీ అనే ఆమె ఉండేది. కాన్పులు చేసి, మందులిచ్చి, ఊరివారి చేత డాక్టర్ అన్నా అనిపించుకున్నది. ఆవుల వెంట అడవిలో తిరిగి అవి ఏమి మేస్తున్నవో ఆమె కనిపెట్టి చూసిందనీ, షానీ తెగకు చెందిన ఒక ముసలామె ఈ మొక్కను చూపించిందనీ, దానిని ఒక దూడకు మేపి వణుకు వచ్చిన తర్వాతే నమ్మి, ఊరంతటినీ కూడగట్టి మొక్కలు పీకించిందనీ అక్కడ చెప్పుకుంటారు. ఇది 1830ల నాటి మాట. అప్పటి పెద్ద వైద్యుల చెవికి ఆమె మాట చేరలేదు. 1908-09 ప్రాంతంలో కూడా చికాగో విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు జోర్డన్, హారిస్ అనేవారు ఇది సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బని రాశారు.

చదువుకున్నవారు ఇంతగా పొరబడడానికి ఒక కారణం ఉన్నది. ఈ మొక్కలో విషం అన్ని చోట్లా ఒకే మోతాదులో ఉండదు. ఒక తోపులోని మొక్క చంపుతుంది. మరో తోపులోనిది మేపినా ఏమీ కాదు. ఎండితే విషం తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. ఒక పూట మేతతో కాక, కొన్ని రోజులు మేస్తేనే ప్రభావం చూపుతుంది. కాబట్టి ఒకరు ప్రయోగం చేసి ఔనంటే, మరొకరు చేసి కాదనేవారు.

చివరకు అమెరికా వ్యవసాయ శాఖలో రసాయన శాస్త్రజ్ఞుడైన జేమ్స్ కౌచ్ 1920లలో ఈ మొక్క నుంచి విష పదార్థాన్ని వేరు చేసి, దానికి వణుకును బట్టి ట్రెమెటాల్ అని పేరు పెట్టాడు. అది ఒకే పదార్థం కాదనీ, ట్రెమెటోన్ మొదలైన కీటోనుల కలయిక అనీ తర్వాత తెలిసింది. వాటిలో ఏది ఎంతవరకు కారణమన్న చర్చ ఇంకా పూర్తిగా ముగియలేదు. నైరుతి అమెరికాలో రేలెస్ గోల్డెన్‌రాడ్ అనే మరొక మొక్కలోనూ ఇదే విషం ఉన్నదని కౌచే చూపించాడు. ఈ విషం పడిన మనిషి ఊపిరిలో ఎసిటోను వాసన వస్తుంది. ఈనిన కొత్తలో బాగా పాలిచ్చే ఆవుకు కీటోసిస్ పట్టినప్పుడు నోటి దగ్గర వచ్చే వాసన ఎరిగిన సభ్యులకు ఇది ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు.

పాడి రైతు ముఖ్యంగా గుర్తు పెట్టుకోవలసిన విషయం ఇక్కడే ఉన్నది. ఈ విషం కొవ్వులో కరుగుతుంది. కాబట్టి పాలలోకీ, వెన్నలోకీ పోతుంది. పాలిచ్చే ఆవు తన ఒంట్లోని విషాన్ని పొదుగు ద్వారా బయటికి పంపేస్తుంది గనుక, అది వణకకుండా నిలబడే ఉండవచ్చు. దాని దూడ మాత్రం పడిపోతుంది. లేత జొన్న మేసిన గొడ్డు మన కళ్లముందే పొర్లి కొట్టుకుంటుంది గనుక జొన్నచేను సంగతి పిల్లవాడికి కూడా తెలుసు. ఇక్కడ అలా కాదు. తల్లి నెమరు వేస్తూనే ఉంటుంది. పాలు కాచినంత మాత్రాన ఈ విషం పోతుందని నమ్మడానికి లేదు.

మరి ఆ జబ్బు ఎలా తగ్గింది? అడవులు కొట్టి పొలాలు చేశారు. పశువులకు కంచెలు వేశారు. మేత వేసి పెంచారు. వీటికి తోడు, ఎన్నో మందల పాలు ఒకచోట చేరి కలవడం మొదలైంది. ఒక ఆవు పాలలోని విషం వందల ఆవుల పాలలో కలిసి పలచబడిపోయింది. మన చిల్లింగ్ సెంటర్లలో జరిగేదీ ఇదే. అయితే సభ్యులు ఒక సంగతి ఆలోచించాలి. ట్యాంకరులో పోసే పాలు కలుస్తాయి గాని, ఇంట్లో పిల్లల కోసం తీసి ఉంచే చెంబెడు పాలు దేనిలోనూ కలవవు. ఒకే గేదె పాలు, ఒకే పసివాడు, రోజుకు మూడు పూటలు. 1963లో అమెరికాలోని సెయింట్ లూయిస్ వైద్యులు ఈ విషం పడిన పసిపిల్లల గురించి వైద్య పత్రికలో రాశారు. జబ్బు అంతరించిందని అందరూ అనుకుంటున్న రోజులలో అది జరిగింది.

తెల్ల పామువేరు మన మేతభూముల మొక్క కాదు. దాని కోసం గట్లు వెదకవద్దు. కాని పశువు బాగానే ఉండగా పాలలో విషం దిగే దారి మనకూ ఒకటి ఉన్నది. బూజు పట్టిన వేరుశనగ చెక్కలో అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. 1960లో ఇంగ్లండులో వేలాది టర్కీ కోళ్లు చచ్చిపోయినప్పుడు, వాటి దాణాలోని వేరుశనగ పిండి వల్ల ఇది బయటపడింది. ఆ చెక్క తిన్న పశువు పాలలోకి ఇది ఎం1 అనే రూపంలో దిగుతుంది. కాచినా పోదు. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం కిలో పాలలో ఇది అర మైక్రోగ్రాముకు మించరాదు. చెక్క తడిసి బూజు పడితే, తినే మనకు పారేస్తాము గాని గొడ్డుకు ఏమవుతుందిలే అని కుడితిలో వేసే అలవాటు చాలా ఇళ్లలో చూశాము. ఆ చెక్క మళ్లీ చెంబులోకి వస్తుంది.

ఇక పేరు తగవు సంగతి.

స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో మొక్కలన్నిటికీ రెండేసి మాటల పేర్లు పెట్టాడు. మొదటి మాట ప్రజాతి, అంటే ఇంటిపేరు వంటిది. రెండోది జాతి. తెల్ల పామువేరును ఆయన అజెరాటం ఆల్టిసిమం అన్నాడు. ఆల్టిసిమం అంటే బాగా పొడవైనది. పొలం గట్లమీద ఊదారంగు పూలు పూసే అజెరాటం కలుపును చూసినవారికి పోలిక తడుతుంది. తర్వాత వచ్చినవారు ఇది అజెరాటం కాదు, యుపటోరియం అన్నారు. అక్కడ చిక్కు వచ్చింది. లిన్నేయస్ ఆ పుస్తకంలోనే వేరొక మొక్కకు యుపటోరియం ఆల్టిసిమం అని పేరు పెట్టి ఉన్నాడు. సంఘం రిజిస్టరులో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు గల ఇద్దరు సభ్యులుంటే ఒకరి పాల డబ్బు మరొకరి ఖాతాలో పడుతుంది. వృక్షశాస్త్ర నియమాలూ అందుకు ఒప్పుకోవు. కాబట్టి కొత్తగా వచ్చిన మొక్కకు పేరు మార్చవలసి వచ్చింది. ఒకరు యుపటోరియం రుగోసం అన్నారు, అంటే ముడుతలు గలది. ఒకరు అర్టిసిఫోలియం అన్నారు. మరొకరు అజెరటాయిడిస్ అన్నారు. పాల జబ్బు మీద పాత రచనలు తిరగేస్తే ఈ మూడు పేర్లూ కనబడతాయి. తెలియక చదివినవారు మూడు మొక్కలు అనుకుంటే వారి తప్పు కాదు.

యుపటోరియం అన్న ప్రజాతి పేరుకు కూడా ఒక కథ ఉన్నది. పూర్వం పాంటస్ రాజ్యానికి మిత్రిడేటిస్ యుపటార్ అనే రాజు ఉండేవాడు. తనకు ఎవరు విషం పెడతారో అని భయపడి, విరుగుడులు వెదకడంలో ప్రసిద్ధి కెక్కాడు. ఆయన ఒక మొక్కను మందుగా వాడాడని ఆయన పేరు పెట్టారు. విషపు విరుగుడు పేరున్న ఇంట్లో పాల విషం వచ్చి కూర్చున్నది.

ఆ ఇల్లు పెరిగిపోయింది కూడా. పందొమ్మిదో శతాబ్దంలో జార్జి బెంథాం వంటి పెద్దలు, చిన్న తేడాలకు ప్రజాతులను విడదీయరాదన్న అభిప్రాయంతో వీటన్నిటినీ ఒకేచోట ఉంచారు. యుపటోరియంలో వెయ్యికి పైగా జాతులు చేరాయి. బోన్‌సెట్ అని జ్వరానికి కషాయం కాచుకునే మొక్క కూడా అందులోదే. మందు పేరులోనూ, పాలలో దిగే విషం పేరులోనూ మొదటి మాట ఒకటే అయితే నాటు వైద్యుడికి ఎంత ప్రమాదమో ఊహించండి. బోన్‌సెట్ మాత్రం నిర్దోషి అని మేము అనడం లేదు. అసలు యుపటోరియం మొక్కలలో కాలేయాన్ని చెడగొట్టే ఆల్కలాయిడ్లు ఉన్నాయి. విషం వేరు, పనిచేసే తీరు వేరు.

1841లోనే ఫ్రాన్సులో పనిచేసిన స్పాక్ అనే శాస్త్రజ్ఞుడు అజెరాటినా, అంటే చిన్న అజెరాటం అనే ప్రజాతిని ప్రతిపాదించాడు. ఆ మాట నూట ముప్పై ఏళ్ల వరకు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1970లో రాబర్ట్ కింగ్, హెరాల్డ్ రాబిన్సన్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు యుపటోరియం ఉమ్మడి సంసారాన్ని పంచడం మొదలుపెట్టి, తెల్ల పామువేరును అజెరాటినాలో చేర్చారు. పూలతల కింద ఉండే చిన్న ఆకుల అమరికను చూశారు: అజెరాటినాలో అవి ఇంచుమించు ఒకే పొడవు, యుపటోరియంలో చిన్నవి పెద్దవి పెంకుల్లా ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటాయి. క్రోమోజోముల మూలసంఖ్య యుపటోరియంలో 10, అజెరాటినాలో 17. ఈ తేడాను చిన్నదని ఎవరూ కొట్టిపారేయలేరు. అజెరాటినాలో ఆల్టిసిమం అన్న పేరు ఎవరికీ లేదు గనుక, లిన్నేయస్ పెట్టిన పేరు మళ్లీ దక్కింది. లాటిన్ వ్యాకరణాన్ని బట్టి చివర కొంచెం మారి, ఇప్పుడు అది అజెరాటినా ఆల్టిసిమా.

అందరూ వెంటనే ఒప్పుకోలేదు. ఇంతకాలం ఒకటిగా ఉన్నదానిని ఇన్ని ముక్కలు చేస్తారా అన్నవారున్నారు. కింగ్, రాబిన్సన్ 1987లో ప్రకటించిన పెద్ద గ్రంథంలో ఈ వర్గంలోని ప్రజాతుల సంఖ్య సుమారు 180కి చేరింది. ముక్కలు మరీ ఎక్కువయ్యాయన్న మాట మాకూ సబబుగానే తోస్తుంది. మొక్కను చేతిలో పట్టుకున్న మామూలు మనిషికి ఇన్ని పేర్లతో పని జరగదు. కాని అజెరాటినా విషయంలో మాత్రం విడదీసినవారే గెలిచారు. తర్వాత వచ్చిన డి.ఎన్.ఎ. పరిశీలనలు కూడా దానిని యుపటోరియానికి దూరపు చుట్టంగానే చూపాయి. ఇప్పుడు అజెరాటినాలో రెండు వందల యాభైకి పైగా జాతులున్నాయి. యుపటోరియంలో మిగిలినవి యాభైకి అటూ ఇటూ. అయినా పశువైద్య పుస్తకాల పాత ముద్రణలలో యుపటోరియం రుగోసం అనే ఉంటుంది. విష మొక్కల పట్టికలో ఒక పేరు చూసి, అది లేదని మూసేయకుండా రెండో పేరు కూడా వెదకాలి.

ఈ ప్రజాతి మొక్క ఒకటి మన దేశంలోనూ ఉన్నది. మెక్సికో నుంచి వచ్చిన అజెరాటినా అడినోఫోరా హిమాలయాలలోనూ, నీలగిరులలోనూ కొండవాలులంతా కమ్ముకున్నది. దీనినీ పూర్వం యుపటోరియం అనేవారు. పశువులు దానిని సాధారణంగా మూతి పెట్టవు. గుర్రాలు మేస్తే ఊపిరితిత్తులు చెడతాయి. ఆస్ట్రేలియాలో ఈ సంగతి బాగా తెలుసు. కేరళలో కమ్యూనిస్టు పచ్చ అనే కలుపు కూడా ఒకప్పటి యుపటోరియమే, ఇప్పుడు క్రోమోలీనా.

పేర్ల సంగతి ఇంత విస్తరించడానికి కారణం మా అనుభవంలోని ఒక సంఘటన. కొన్నేళ్ల క్రితం, వర్షాలు లేని ఒక వేసవిలో, తనిఖీకి ఒక సంఘానికి వెళ్లాము. మినిట్స్ పుస్తకంలో ఒక సభ్యురాలిని తొలగించాలన్న తీర్మానం ఉన్నది. భర్త లేని మనిషి, ఒకటే గేదె. ఆమె పాలు చేదుగా ఉన్నాయనీ, ఏదో కలుపుతున్నదనీ ఆరోపణ. పదకొండు రోజులుగా పాలు తిప్పి పంపుతున్నారు. వెన్న శాతం, రీడింగ్ రెండూ సరిగానే ఉన్నాయి. ఆమెను పిలిపించి, గేదెకు ఏమి వేస్తున్నావమ్మా అని అడిగాము. "గడ్డి దొరక్క గట్టు మీది వయ్యారిభామ కోసి, చొప్పలో కలిపి వేస్తున్నా సార్. ఉత్తదైతే ముట్టదు" అన్నది.

ఆ కార్యదర్శి గదిలోనే గోడకు సర్క్యులరు అంటించి ఉన్నది: పార్థీనియం మేపితే పాలు చేదెక్కును, మేపరాదు అని. అది చూపించి, ఇది చదవలేదా అని కార్యదర్శిని అడిగాము. "చదివాను సార్. మా ఊళ్లో పార్థీనియం లేదండి. ఉన్నదంతా కాంగ్రెసు గడ్డే" అన్నాడు. అతను అబద్ధమాడలేదు. బయటికి తీసుకుపోయి గట్టు మీద చూపించి, పార్థీనియం ఇదే, కాంగ్రెసు గడ్డి ఇదే, ఆమె చెప్పిన వయ్యారిభామా ఇదే అని చెప్పేసరికి కమిటీవారందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇది అమెరికా ఖండపు కలుపు. 1955 ప్రాంతంలో పుణేలో కనిపించి దేశమంతా పాకింది. గడ్డిచామంతి, తెల్ల పామువేరు చేరిన కుటుంబంలోదే. ఇందులోని పార్థెనిన్ అనే చేదు విషం పాలలోకి దిగుతుంది.

ఆమె ఆ మేత మాన్పించింది. కొన్నాళ్లకు పాలు మామూలు రుచికి వచ్చాయి. తొలగింపు తీర్మానాన్ని రద్దు చేయించాము. పదకొండు రోజుల పాల డబ్బు మాత్రం ఆమెకు రాలేదు. పోయని పాలకు బిల్లు పెట్టే నియమం లేదు. ఆ సర్క్యులరు ఊరూరా పంచినవారిలో మేమూ ఉన్నాము. ఒక్క పేరే ముద్రించి ఉన్నదని అప్పుడు మాకూ తోచలేదు.

ఏ సంఘంలోనైనా పాల రుచి మారినా, పశువు బాగుండి దూడ మాత్రం నలతగా ఉన్నా, పాలు పోసేవారిని అనుమానించే ముందు మేత అడగండి. కోసుకొచ్చిన గడ్డిలో తెలియని మొక్క ఉంటే, పువ్వుతోనూ వేరుతోనూ సహా తీసి, పాత వార్తాపత్రిక మడతలో పెట్టి, పైన బరువు ఉంచి రెండు మూడు రోజులు ఆరనివ్వండి. వయ్యారిభామను ఒట్టి చేత్తో పీకవద్దు, దురద పడుతుంది. కాగితం మీద ఊరు, తేదీ, ఎక్కడ కోసినది, ఎన్ని రోజులుగా మేపుతున్నది రాయండి. ఆ మొక్కను మీ ఊళ్లో ఏమంటారో, పక్క ఊళ్లో ఏమంటారో, మేపిన మనిషి ఏమన్నదో అన్ని పేర్లూ రాసి, సూపర్‌వైజరు చేతికిగాని పశువైద్యశాలకుగాని పంపండి. ఆ రోజు పాలను ఇంట్లో పసిపిల్లలకు పోయకండి.